ఒక షిఫ్టు గడువు

బెల్లంపల్లిలో పొద్దున ఏడింటి సైరన్ మోగిందంటే ఎబినేజర్ షాపు షట్టరు లేస్తున్నదన్నమాటే. బొగ్గుబాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, లోపలికి దిగేవాళ్లు పిడికెడుమంది మిగిలారు, అయినా సైరన్ మాత్రం మానలేదు. ఏడింటికి మొదటి షిఫ్టు, మూడింటికి రెండోది, రాత్రి పదకొండింటికి మూడోది. బాయి మొహం ఎన్నడూ చూడని కిరాణాకొట్టు మనిషి కూడా ఆ ఊళ్లో సైరన్ ప్రకారమే తింటాడు, నిద్రపోతాడు, పెళ్లాంతో పోట్లాడతాడు.

ఎబినేజర్‌ది ఫ్లెక్సు బ్యానర్ల షాపు. షట్టరు ఎత్తి, రెండు ముక్కల్లో ప్రార్థన ముగించి, కంప్యూటరు మీద పడ్డ నల్లటి దుమ్ము బ్రష్షుతో దులిపి, బటన్ నొక్కి పక్క హోటల్‌కు పోతాడు. చాయ్ తాగి, పేపరు మొదటి పేజీ నుంచి ఆటల పేజీ దాకా తిరగేసి వచ్చేసరికి తెర మీద బొమ్మ వచ్చి ఉంటుంది. పదిహేనేళ్ల నాటి కంప్యూటరు. దాని నింపాదికి ఎబినేజర్ ఎప్పుడో అలవాటుపడ్డాడు.

పుట్టినరోజులు, పెళ్లిరోజులు, నాయకులకు స్వాగతాలు అన్నీ మెయిన్ రోడ్డు మీద అరుణ్‌కుమార్ షాపుకు పోతాయి. అక్కడ కొత్త మిషన్లున్నాయి, ఏసీ ఉంది, కాలు మీద కాలేసుకుని కూర్చోవడానికి సోఫా ఉంది. ఎబినేజర్ దగ్గరికి చావు జరిగిన ఇళ్లవాళ్లు మాత్రమే వస్తారు. చుట్టుపక్కల నాలుగు మండలాల చావులు అతని చేతి మీదుగానే వెళ్తాయి.

ఎందుకో అందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల మనిషి ఊపిరి పోయాక శ్రద్ధాంజలి ఫ్లెక్సు తయారయ్యేదాకా వెళ్లడు. ఊపిరి పోయిన కాసేపటికి లేచి మంచం మీద కూర్చుంటాడు. తిండి ముట్టడు, నీళ్లు ముట్టడు, మాట్లాడతాడు. కంప్యూటరు తెర మీద పని ఎంతవరకు అయిందో చూపే ఆకుపచ్చ గీత నూరుకు చేరగానే పక్కకు ఒరిగిపోతాడు. అరుణ్‌కుమార్ మిషన్లలో ఆ గీత మూడు నిమిషాల్లో నూరుకు చేరుతుంది. పొలం కాగితాలు ఎక్కడ పెట్టాడో చెప్పబోయి, "గా సందుగల..." అన్నంతలో ఒరిగిపోయినవాళ్లు ఎంతమందో! ఎబినేజర్ కంప్యూటరులో అయితే నాలుగున్నర గంటలు పట్టేది. నాలుగున్నర గంటల్లో మంథనిలో ఉన్న కూతురు బస్సెక్కి వచ్చేయవచ్చు. పదేళ్లు మాటల్లేని అన్నదమ్ములు ఒకరినొకరు తిట్టుకుని, ఏడ్చుకుని, కలిసిపోవచ్చు.

చావు ఇంటినుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. "అన్నా, ఎంతదాంక వచ్చింది?" అని అడుగుతారు. "అరవై రెండు" అంటాడు ఎబినేజర్. వెనకనుంచి పోయినవాడి గొంతు కూడా వినిపిస్తుంది, "ఇంక శానసేపు ఉన్నది తియ్" అని.

ఇదంతా బాగానే ఉంది కానీ దీనికొక గడువు ఉంది. ఎనిమిది గంటలు, అంటే ఒక షిఫ్టు. గడువు దగ్గరపడగానే కూర్చున్న మనిషి చూపు మారిపోతుంది. ఫ్లెక్సు అడుగున 'శోకతప్త కుటుంబ సభ్యులు' అని ఫొటోల వరస ఉంటుంది కదా, ఆ వరసలో ఎవరో ఒకరిని పేరు పెట్టి పిలవడం మొదలుపెడతాడు. గడువు దాటాక ఆ పిలుపు అందుకున్నవాళ్లు ఆ వారం దాటరు. వరసలో లేనివాళ్ల జోలికి మాత్రం రాడు. పైగా ఒక షాపులో మొదలైన ఫ్లెక్సు ఆ షాపులోనే ముగియాలి, మధ్యలో ఇంకోచోటికి మారిస్తే పనిచేయదు.

చాలాకాలం ఆ గడువు సంగతి ఎవరికీ గుర్తుకూడా రాలేదు. కానీ ఫోన్లు మారినకొద్దీ వాటిలోనుంచి వచ్చే ఫొటోలు బరువెక్కాయి, పదిమంది ఉండే వరస ఇరవై ఐదుకు పెరిగింది. నాలుగున్నర గంటలు అయిదయ్యాయి, అయిదు ఆరున్నర అయ్యాయి. పోయిన వానాకాలంలో బాలమల్లు ఫ్లెక్సు ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ఆఖరి ఇరవై నిమిషాల్లో బాలమల్లు తన తమ్ముడు బుచ్చిరాములును మూడుసార్లు పిలిచాడు. ఆదివారం నాటికి బుచ్చిరాములు ఫొటో ఎబినేజర్ బల్ల మీద ఉంది. దాన్ని తెచ్చింది బుచ్చిరాములు భార్య. "జర జల్ది చెయ్యి తమ్మీ" అంది, అంతే. తిట్టినా బాగుండేదని ఎబినేజర్‌కు చాలా రోజులు అనిపించింది.

ఆ తర్వాతి చలికాలంలో ఎబినేజర్ తల్లి మగ్దలేనమ్మ మంచం పట్టింది. మిషన్ దవాఖానలో ముప్పై ఏళ్లు ఆయాగా పని చేసిన మనిషి. దవాఖానకు రాలేని ఆడవాళ్లకు కార్మికుల క్వార్టర్లకే వెళ్లి పురుడు పోసేది. మంచిర్యాల డాక్టరు ఊపిరితిత్తుల ఫొటో చూసి, ఎబినేజర్‌ను బయటికి పిలిచి, నెల అన్నాడు. ఆ మాట ఎబినేజర్ ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోయినా మగ్దలేనమ్మకు తెలిసింది. ఎన్నో చావులు, పుట్టుకలు చూసిన మనిషి, ఆమెకు ఎవరు దాచగలరు?

ఒక పొద్దున మనవరాలు మహిమకు జడలు వేసి బడికి పంపి, కొడుకును దగ్గరికి పిలిచింది. మహిమకు తొమ్మిదేళ్లు. పాలు మానినప్పటినుంచి బాపమ్మ పక్కలోనే పడుకుంటుంది, బాపమ్మ చేత్తో పెడితేనే తింటుంది.

"అరేయ్, నీ డబ్బ ఇప్పుడు ఎన్ని గంటలు వడుతున్నదిరా?" అంది.

"ఏడు దాటుతున్నది అవ్వా."

"నాది ఎంత వడ్తది?"

"ఎందుకవ్వా గా ముచ్చట్లు, పొద్దుగాల పొద్దుగాల!"

"చెప్పేది ఇను. పిల్ల ఫొటో పెట్టకుంట ఉండవు గద నువ్వు. మనుమరాలి ఫొటో లేని ఫ్లెక్సు ఏడన్న ఉన్నదా? పెట్టినవనుకో, గడువు దాటిందనుకో, నేనెవల్ని పిలుస్త? నిద్రల లేస్తే దాని పేరు, పండుకుంటె దాని పేరు. నా నోట్లె ఇంకొక పేరు రాదు బిడ్డా." దగ్గు వచ్చి ఆగింది. "నాకు భయమైతున్నది. దాని లోపలిది ఏందో మార్పియ్యి."

ఎబినేజర్ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేకపోయాడు. అరుణ్‌కుమార్ షాపుకు పోతే మూడు నిమిషాలు, తల్లి కళ్లు తెరిచి మూసేలోపల వెళ్లిపోతుంది. కొత్త కంప్యూటరు కొన్నా అంతే. మనుషులను అంతసేపు కూర్చోబెట్టేది కంప్యూటరు లోపలి ఆ పాత బోర్డే. దాన్ని కదిలించకుండా, దాని నడిమధ్యలో కూర్చున్న ప్రాసెసర్ ఒక్కటే మార్చాలి. మరీ వడిగా పోకూడదు, గడువు దాటకూడదు. నాలుగైదు గంటల్లో పని కావాలి.

కంప్యూటరు పక్క రేకు విప్పి, బోర్డు మీద అచ్చువేసిన నెంబరు టార్చి వేసి చూసి కాగితం మీద రాసుకున్నాడు. నాలుగు వైపులనుంచి ఫొటోలు తీసుకున్నాడు. మర్నాడు మంచిర్యాల మీదుగా కరీంనగర్ బస్సెక్కాడు. దారిలో ఎక్కిన వేములవాడ మొక్కులవాళ్ల పిల్లలు బస్సంతా గోల చేస్తుంటే, అతను మాత్రం ఆ కాగితం జేబులో ఉందో లేదో తడుముకుంటూ కూర్చున్నాడు.

టవర్ సర్కిల్ దగ్గర ఒక బట్టలషాపు మీది అంతస్తులో హనుమండ్లు పాత కంప్యూటరు భాగాలు అమ్ముతాడు. చుట్టూ బోర్డులు, వైర్లు, ఫ్యాన్లు గుట్టలుగా ఉంటాయి. వాటి మధ్యలో కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కూర్చుంటాడు.

"బోర్డు నెంబరు తెచ్చినవా? శానమంది ఉత్త చేతులతోటి వస్తరు" అన్నాడు. ఎబినేజర్ కాగితం చూపించగానే మొహం వెలిగింది. "శాబాష్! ఇగ పని సగం అయినట్టే."

ఆ బోర్డు చేసిన కంపెనీవాళ్ల జాబితా ఫోన్లో తెరిచి, ఏ ఏ ప్రాసెసర్లను బోర్డు ఒప్పుకుంటుందో వేలితో కిందికి జరుపుతూ చదివాడు. తర్వాత మిఠాయి డబ్బా ఒకటి తీసి మూత తెరిచాడు. గులాబీరంగు స్పాంజి మీద మూడు ప్రాసెసర్లున్నాయి. నలుచదరంగా, వెండి మూతలతో, చూడటానికి మూడూ ఒక్కలాగే ఉన్నాయి.

"గీ మూడు నీ సాకెట్ల కూసుంటయి. మొదటిది నీ దాని కంటె ఇంతంత మెరుగు. గది వద్దు, పైసలు దండుగ. రెండోది రెండు కోర్లది, జోరుగుంటది. మూడోది నాలుగు కోర్లు."

"నాలుగు కోర్లదే ఇయ్యన్నా" అన్నాడు ఎబినేజర్ వెంటనే. మహిమ మొహమే అతని కళ్ల ముందు ఉంది.

హనుమండ్లు నవ్వాడు. "కూసుంటదన్న. కూసున్నంత మాత్రాన కాపురం జేస్తదని అన్ననా? నీ బోర్డు అరవై ఐదు వాట్లకు చేసింది. గిదేమో తొంభై ఐదు తింటది. సాకెట్ పక్కన గీ చిన్న చిన్న డబ్బలున్నయి సూడు, దానికి కరెంటు అందించేటియి. గవి ఉబ్బుతయి. నెల నడుస్తది, రెండు నెలలు నడుస్తది, ఒకనాడు నడిమిట్ల ఆగుతది. కంపెనీ లిస్టుల గూడ దాని పేరు లేదు. బోర్డు దాన్ని గుర్తువట్టకుంటె మొదలే కాదు."

నడిమిట్ల ఆగుతది. గీత యాభై దగ్గర ఆగిపోయి, మంచం మీద తల్లి అట్లాగే కూర్చుని, గడువు గడిచిపోయి, ఇంట్లో ఒక్కొక్కరినే... ఎబినేజర్ తల విదిల్చుకున్నాడు.

"రెండోది ఎన్ని వాట్లు?"

"అరవై ఐదే. లిస్టుల ఉన్నది, ఇగో సూడు. నీ బోర్డును లేపే ప్రోగ్రాం, గదే బయోస్, పాతదైనా గుర్తువడ్తది. ఫొటోలు ఎన్ని పెడ్తవు వరసల?"

"ఇరవై ఐదు."

హనుమండ్లు మనసులో లెక్కేసుకున్నాడు. "నాలుగు గంటలకు వస్తది. ఫికర్ జెయ్యకు." డబ్బా మూసి, ప్రాసెసర్‌ను చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి అందిస్తూ, "మా బాపుది నీ తాన్నే అయింది. నాలుగున్నర గంటలు కూసున్నడు. మొత్తం నన్ను తిట్టుడే. ఎంత మంచిగనిపించిందో!" అన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక ఎబినేజర్ కంప్యూటరు విప్పాడు. ఫ్యాన్ తీస్తే దాని రెక్కల సందుల్లో బొగ్గుపొడి పేరుకుని ఉంది. చిన్న ఇనుపకడ్డీ పైకి లేపి పాత ప్రాసెసర్ బయటికి తీశాడు. కొత్తదాన్ని గాట్లు కలిసేలా చూసి, ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టి, కడ్డీ కిందికి నొక్కి, మీద తెల్ల పేస్టు బఠాణీగింజంత వేసి ఫ్యాను బిగించాడు. బటన్ నొక్కగానే కంప్యూటరు ఒక్కసారి కూసింది. నల్ల తెర మీద కొత్త ప్రాసెసర్ పేరు తప్పులేకుండా పడింది. ఎబినేజర్ కుర్చీలో వెనక్కి వాలి దేవునికి స్తోత్రం అనుకున్నాడు.

మంగళవారం శాంతిఖని దారిలో ఉండే సత్తమ్మ అనే ముసలామె చనిపోయింది. వరసలో ఇరవై నాలుగు ఫొటోలు. గీత నాలుగు గంటల అయిదు నిమిషాల్లో నూరుకు చేరింది. సత్తమ్మ బంగారం పంచిపెట్టి, కోడళ్లకు బుద్ధులు చెప్పి, అందరి దగ్గరా సెలవు తీసుకుని మరీ ఒరిగింది. వాళ్ల పెద్దకొడుకు షాపుకు వచ్చి ఎబినేజర్ చేతులు పట్టుకున్నాడు. ఎబినేజర్ ఇంటికి వెళ్లి తల్లికి చెప్పాడు. మగ్దలేనమ్మ కొడుకు తల నిమిరింది.

హనుమండ్లు లెక్క ఎక్కడా తప్పలేదు. ఎబినేజర్ కూడా ఒళ్లు దగ్గర పెట్టుకునే ఎంచుకున్నాడు. తప్పంతా అతను చెప్పిన ఇరవై ఐదులోనే ఉంది.

ఆ తర్వాతి గురువారం పొద్దున, సరిగ్గా ఏడింటి సైరన్ మోగుతుండగా మగ్దలేనమ్మ ఊపిరి పోయింది. సైరన్ ఆగి, వీధిలో కుక్కలు అరవడం మానేసరికి లేచి కూర్చుంది. కోడలు మమతారాణిని పిలిచి తల దువ్వమంది. మహిమను బడికి పంపొద్దంది. "మూడింటి దాంక ఉన్నది టైము. పోరా, పోయి పని చూడు" అని కొడుకును తరిమింది.

ఎబినేజర్ ఎనిమిదిలోపలే ఫ్లెక్సు బొమ్మ సిద్ధం చేశాడు. 'ప్రభువునందు నిద్రించిన శ్రీమతి మగ్దలేనమ్మ గారికి కన్నీటి నివాళి' అని పైన, నడుమ దవాఖాన తెల్లచీరలో తల్లి ఫొటో, అడుగున పంతొమ్మిది మంది. ఎవరు ముందు, ఎవరు వెనుక అని తగాదా రాకుండా వయసు ప్రకారం పేర్చాడు. పెద్దవాళ్లు ముందు, పిల్లలు చివర. అందరికంటే చివర మహిమ. బటన్ నొక్కాడు, గీత కదిలింది.

పది నిమిషాలు కాలేదు, అన్న ఏలియా వచ్చాడు. చర్చి కమిటీలో పెద్ద. ఊళ్లో ఎవరి మాటా తీసిపారేయలేని మనిషి. ఫోను చాచి చూపించాడు.

"గీళ్లను గూడ పెట్టు తమ్మీ. అవ్వ చేతుల పుట్టినోళ్లు. మాకు గూడ అవ్వనే అని ఏడుస్తున్నరు. పెట్టకుంటె ఎట్ల?"

"అన్నా, ఫొటోలు ఎక్కువైతె టైము వడ్తది. మళ్ల మొదటికెల్లి వెయ్యాలె."

"కొత్తది ఏసినవ్ గద లోపల! గుంజుతది తియ్."

ఎబినేజర్ ఇంటికి ఫోన్ చేశాడు. మంచం చుట్టూ జనం నిండిపోయారు. తను బొడ్డు కోసిన పిల్లలు మీసాలతో, చంకల్లో పిల్లలతో వచ్చి కాళ్లు పట్టుకుంటుంటే మగ్దలేనమ్మ సంతోషానికి హద్దులేదు. "ఎవ్వల్ని కాదనకుర్రి బిడ్డా" అంది ఫోన్లో. పెద్ద గుండె మనిషి. ఆ క్షణాన తన భయం కూడా మర్చిపోయింది.

ఆపడం, కలపడం, మళ్లీ మొదలుపెట్టడం. ముప్పై నాలుగయ్యాయి. యాభై రెండయ్యాయి. తొమ్మిదింబావుకు డెబ్బై ఒకటి దగ్గర ఎబినేజర్ ఇక చాలని దండం పెట్టాడు. గీత మొదటినుంచి బయలుదేరింది. మొదట్లో చకచకా పోయింది, పదకొండింటికి నలభై ఎనిమిది. ఒంటిగంటన్నరకల్లా అయిపోతుందనుకుని ఎబినేజర్ చాయ్ తెప్పించుకుని అన్నకు కూడా పోశాడు.

కానీ పదకొండు దాకా అయింది వెనకాల ఆకాశం, పూలు, తల్లి పెద్ద ఫొటో. అసలు బరువు అడుగు వరసలో ఉంది. ఫోన్లలోంచి వచ్చిన ఒక్కొక్క ఫొటోకు ఐదారు నిమిషాలు. ఒంటిగంటకు యాభై ఎనిమిది. రెండింటికి అరవై రెండు. ఎబినేజర్ గీతనే చూస్తూ కూర్చున్నాడు. చూసినకొద్దీ అది కదలడం మానేసినట్టే ఉంది.

"అన్నా, ఇది మూడింటి వరకు కాదు. సగం ఫొటోలు తీసేస్త. కలిపితెనే మొదటికి పోతది, వంతు రానియి తీసేస్తె పోదు."

ఏలియా గభాలున లేచాడు. "ఎవలియి తీస్తవు? వాళ్లంత వాళ్లు చేతులార పంపిండ్రు. చావు ఫ్లెక్సులకెల్లి మనిషిని తీసేసుడంటె నువ్వు మాకు ఏం కావు అని మొహం మీద చెప్పుడే! ఈ ఊర్ల ఎవడన్న జేసిండా గా పని? నువ్వెన్నడన్న జేసినవా?"

చేయలేదు. పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా చేయలేదు. తీసేసిన తర్వాత ఏమవుతుందో అతనికీ తెలియదు, ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎబినేజర్ చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. అన్న మాటకు ఎదురుచెప్పి ఎరగని మనిషి, ఇంకో అరగంట చూద్దామనుకున్నాడు. ఆ అరగంట ఎందుకు చూశాడో తర్వాత తనకే అర్థం కాలేదు.

రెండున్నరకు మమతారాణి ఫోన్ చేసింది.

"ఇగో, ఎంతదాంక వచ్చింది? అత్త ఎవ్వల్ని గుర్తువడుతలేదు. నన్ను గూడ నువ్వెవలు అంటున్నది. పిల్ల చెయ్యి ఒక్కటే పట్టుకున్నది. ఎంత గుంజినా ఇడుస్తలేదు. చెయ్యి మంచుగడ్డ లెక్కున్నది. చూపు..." ఏడుపు ఆపుకుంది. "జల్ది చెయ్యి. దండం పెడ్త, జల్ది చెయ్యి."

వెనకనుంచి మగ్దలేనమ్మ గొంతు వినిపించింది. ఎప్పటి ప్రేమే, కానీ చలిగా ఉంది. "మహీ... ఇంకింత దగ్గరికి రా బిడ్డా. బాపమ్మ తోని వస్తవు గద?"

"ఏడికి బాపమ్మా?" అంటోంది మహిమ.

ఎబినేజర్ గోడగడియారం వైపు చూశాడు. రెండు ముప్పై నాలుగు. గీత అరవై మూడు దగ్గర ఉంది. ముప్పై తొమ్మిదో ఫొటో నడుస్తోంది. ఇంకా ముప్పై రెండున్నాయి.

"తమ్మీ..." అన్నాడు ఏలియా.

ఎబినేజర్ వినలేదు. పని ఆపే బటన్ నొక్కాడు. గీత నిలబడిపోయింది. వరస చివరికి వెళ్లాడు. అక్కడ మహిమ ఉంది. బడి యూనిఫాంలో, ఎర్ర రిబ్బన్లతో, ఫొటో దిగమంటే బిగుసుకుపోయి. ఆ రిబ్బన్లు కట్టింది బాపమ్మే. ఎబినేజర్ కళ్లు మూసుకుని తీసేశాడు.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. అవతల మగ్దలేనమ్మ గొంతు వినిపించింది, వీధిలో పిల్లను పలకరించినట్టు.

"ఎవలి పోరివి బిడ్డా నువ్వు? నా చెయ్యెందుకు వట్టుకున్నవ్?"

మమతారాణి బావురుమంది. "ఇడిసింది! ఇడిసింది ఇగో, పిల్లను ఇడిసింది!"

ఎబినేజర్ ఆగలేదు. మహిమ పోయినా వరసలో తనున్నాడు, అన్న ఉన్నాడు, భార్య ఉంది. చివరినుంచి ఒక్కొక్క ఫొటో తీసేస్తూ వచ్చాడు. ఇంటర్ చదివే పిల్లలు, మొన్న పెళ్లయినవాళ్లు, ఆటో నడిపే కుర్రాళ్లు. ముప్పై రెండు మంది. ఈసారి ఏలియా అడ్డు చెప్పలేదు, పైగా తీసేసినవి తనే లెక్కపెట్టాడు. మళ్లీ బటన్ నొక్కితే గీత ఒక్క దూకున తొంభై ఆరుకు పోయింది. తొంభై ఏడు. తొంభై ఎనిమిది. రెండు యాభై మూడుకు నూరు.

"అత్త ఒరిగింది" అంది మమతారాణి ఫోన్లో. "నీ పేరు చెప్పింది. బావ పేరు చెప్పింది. కొట్లాడుకోకుర్రి అన్నది. ఇంకెవలన్న ఉన్నరా నాకు అని అడిగింది. నాకు ఏం చెప్పాల్నో తెల్వలే."

ఏడు నిమిషాల తర్వాత సైరన్ మోగింది. అన్నదమ్ములిద్దరూ షాపులో ఒకరి భుజం మీద ఒకరు తల ఆనించి ఏడ్చారు.

మర్నాడు సమాధి కార్యక్రమానికి ఊరు సగం వచ్చింది. వరసలోంచి తీసేసిన ఆ పడుచువాళ్లు ఒక్కరూ రాలేదు. అలిగారు, కొన్నాళ్లకు వాళ్లే సర్దుకుంటారు అన్నాడు ఏలియా. ఎబినేజర్ కూడా అంతే అనుకున్నాడు. మహిమ తన తల్లి కొంగు పట్టుకుని నిలబడి, చెప్పినప్పుడు గుప్పెడు మన్ను వేసింది. కన్నీటిచుక్క లేదు. పిల్ల బెదిరిపోయింది పాపం, కొన్ని రోజులు పోతే ఏడుస్తుంది అన్నారు ఆడవాళ్లు.

సోమవారం సాయంత్రం ఎబినేజర్ మహిమను బడినుంచి బండి మీద తెస్తున్నాడు. క్వార్టర్ల మలుపులో కరెంటు స్తంభానికి కట్టిన మగ్దలేనమ్మ ఫ్లెక్సు గాలికి చప్పుడు చేస్తోంది.

"ఆపు బాపు" అంది మహిమ. దిగి, ఫ్లెక్సు ముందు నిలబడి, తలెత్తి ఒక్కొక్క మాటా పైకి చదివింది. కింద వరసలో వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. "నువ్వున్నవ్. అవ్వ ఉన్నది. పెద్దబాపు ఉన్నడు. నేనే లేను." వెనక్కి తిరిగింది. "గీమె ఎవలు బాపు?"

ఎబినేజర్‌కు మొదట పిల్ల ఏం అడుగుతోందో తెలియలేదు. తర్వాత తెలిసింది. బండికి స్టాండు వేయడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"మా అవ్వ" అన్నాడు.

"మొన్న మనం మన్ను ఏసింది గీమెకేనా?"

"ఔ బిడ్డా."

మహిమ ఫ్లెక్సు వైపు మళ్లీ చూసింది. తెల్లచీరలో ముసలామె నవ్వుతూ ఉంది. "మంచిగున్నది. మనింటికి ఎన్నడన్న వచ్చిందా?"

పిల్ల బతికి ఉంది, కళ్ల ముందు నిలబడి మాట్లాడుతోంది, ఇంకేం కావాలి అనుకున్నాడు ఎబినేజర్. అనుకుంటూనే నడిరోడ్డు మీద ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకుందామన్నా కాలేదు. మహిమ కంగారుగా దగ్గరికి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. ఇతరుల దుఃఖం చూసి పిల్లలు పడే జాలి ఆ మొహంలో ఉంది, అంతకు మించి ఏమీ లేదు.

"ఏడ్వకు బాపు. మీ అవ్వ అంటె నీకు శాన ఇష్టమా?" అని అడిగింది.